చర్చి మీద అలిగిన పుస్తకానికి జవాబెలా చెప్పాలి?

డోనాల్డ్ మిల్లర్ రాసిన 'బ్లూ లైక్ జాజ్' 2003లో అమెరికాలో అచ్చయింది. హ్యూస్టన్ ప్రాంతంలో చర్చి వాతావరణంలో పెరిగిన ఒకతను ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కు చేరి, తన విశ్వాసం ఎక్కడ సడలిందో, మళ్లీ ఎక్కడ చేతికందిందో ముక్కలు ముక్కలుగా చెప్పుకున్న పుస్తకం అది. పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడై, న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ల జాబితాకెక్కి, 2012లో సినిమాగా కూడా వచ్చింది. "నేను దేవుణ్ని వదల్లేదు, నా పేచీ చర్చితోనే" అనే ఆత్మకథలు ఆ తర్వాత కుప్పలుగా వచ్చాయి. ఇప్పటికీ వస్తున్నాయి.

ఇలాంటి పుస్తకం చర్చి సంఘంలో ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారినప్పుడు వినిపించే మాటలు రెండే. కుర్రవాళ్లు "ఇది అచ్చం మా కథే" అంటారు. పెద్దవాళ్లు "వాక్యం పలచబడింది, జాగ్రత్త" అంటారు. ఇందులో ఏదీ జవాబు కాదు. ఎందుకంటే ఈ తరహా పుస్తకం ఒకే గొంతుతో మూడు వేర్వేరు పనులు చేస్తుంది. రచయితకు ఏం జరిగిందో చెబుతుంది. చర్చి ఎలా ఉందో వర్ణిస్తుంది. సత్యాన్ని మనిషి ఎలా తెలుసుకుంటాడన్న ప్రశ్నను, పైకి చెప్పకుండానే, ఒక వైపుకు తేల్చేస్తుంది. మొదటిదాని మీద వాదనకు దిగితే అది క్రూరత్వం. రెండోదాని మీద వాదిస్తే సాకులు చెబుతున్నట్టుంటుంది. మూడోదానికి మాత్రం వాదన లేకుండా జవాబు కుదరదు. ఈ మూడింటినీ విడదీయకపోవడం దగ్గరే చాలా సమీక్షలు చతికిలపడ్డాయి.

అసలు ఆయన పేచీ ఎవరితో?

1979లో బాప్టిస్టు పాస్టర్ జెర్రీ ఫాల్వెల్ మోరల్ మెజారిటీ అనే రాజకీయ సంస్థను పెట్టాక అమెరికాలోని శ్వేతజాతి ఇవాంజెలికల్ (సువార్త ప్రచారానికి పెద్దపీట వేసే ప్రొటెస్టంట్) చర్చిలు పెద్దఎత్తున రిపబ్లికన్ పార్టీ పంచన చేరాయి. మరోపక్క, 1975లో షికాగో శివార్లలో మొదలైన విల్లో క్రీక్ చర్చిని చూసి, ఆదివారపు ఆరాధనను కొత్తగా వచ్చేవారి అభిరుచికి తగ్గట్టు మలిచే భారీ చర్చిలు పెరిగాయి. మిల్లర్‌కు ఒళ్లు మండేది వీటి మీదే: యేసును సరుకులా అమ్మడం, ఓట్లడిగినట్టు సువార్త చెప్పడం, ఎదుటివాణ్ని శత్రువుగా నిలబెట్టే యుద్ధభాష. 2008 ఆగస్టులో డెన్వర్‌లో డెమోక్రటిక్ పార్టీ జాతీయ సదస్సు తొలిరాత్రి ముగింపు ప్రార్థన చేసింది ఈయనే. కాబట్టి పుస్తకంలో 'చర్చి' అని కనిపించిన ప్రతిచోటా సార్వత్రిక సంఘాన్ని ఊహించుకుంటే పొరబాటు. అది ఒక దేశంలో, ఒక ఇరవై ముప్పై ఏళ్ల కాలంలో నడిచిన ఒక తరహా చర్చి.

ఆయనది ఒంటరి గొంతు కూడా కాదు. బ్రయన్ మెక్‌లారెన్, టోనీ జోన్స్, డగ్ పాగిట్ వంటి వాళ్లు అప్పటికే 'ఎమర్జింగ్ చర్చి' అనే పేరుతో ఈ అసంతృప్తికి ఒక ఉద్యమ రూపం ఇస్తున్నారు. మిల్లర్ పుస్తకంలో బూతులు మాట్లాడే పాస్టర్‌గా ముచ్చటగా కనిపించే మార్క్, సియాటిల్‌లోని మార్స్ హిల్ చర్చి స్థాపకుడు మార్క్ డ్రిస్కల్. ఆయన ఈ గుంపు నుంచి తొందరగానే విడిపోయి కరడుగట్టిన సంప్రదాయ వేదాంతం వైపు వెళ్లారు. నాయకత్వ తీరు మీద ఫిర్యాదులు ముసురుకోగా 2014 అక్టోబరులో రాజీనామా చేశారు. కొద్ది వారాల్లోనే ఆ చర్చి సంస్థే రద్దవుతున్నట్టు ప్రకటించారు. దీన్ని బట్టి మిల్లర్‌ను ఎద్దేవా చేయనక్కర్లేదు. కానీ చర్చిని 'ఇక్కడ నాకు నటించాల్సిన అవసరం ఉండదు' అనే కొలతతోనే కొలిస్తే ఏది కంటికి ఆనదో ఇక్కడ తెలుస్తుంది. టై కట్టుకోని పాస్టర్ చేతిలో కూడా అధికారం ఉంటుంది. దానికి లెక్క అడిగే పెద్దలు ఉన్నారా లేరా అన్నది వేరే ప్రశ్న. ఆత్మకథ ఆ ప్రశ్న వేయదు.

'పోస్ట్‌మోడర్న్' అన్న ముద్ర గురించి

ఈ మాటను తిట్టుగా వాడేవాళ్లూ బిరుదుగా వాడేవాళ్లూ ఇద్దరూ మూడు సంగతులను కలిపేస్తారు. ఒకటి తత్త్వశాస్త్రం. క్యూబెక్ ప్రభుత్వ విశ్వవిద్యాలయ మండలి కోరగా రాసిన నివేదికను ఫ్రెంచి తత్త్వవేత్త జాన్ ఫ్రాంస్వా లియోటార్ 1979లో పుస్తకంగా తెచ్చాడు. అన్నిటినీ ఒకే పెద్ద కథలో ఇమిడ్చి చెప్పే మహాకథనాల మీద అపనమ్మకమే పోస్ట్‌మోడర్న్ స్థితి అన్నాడు. బైబిలు సృష్టి నుంచి నూతన యెరూషలేము దాకా సాగే మహాకథ కాబట్టి లియోటార్ దానికి శత్రువే అని చాలామంది పాస్టర్లు తేల్చేశారు. జేమ్స్ కె.ఎ. స్మిత్ అనే క్రైస్తవ తత్త్వవేత్త 2006లో దీన్ని సరిదిద్దాడు. లియోటార్ గురి పెద్ద కథల మీద కాదు, తాము కథలమని ఒప్పుకోకుండా సార్వత్రిక హేతువు పేరుతో తమకు తాము అధికారముద్ర వేసుకునే కథనాల మీద. ఆ లెక్కన ముందు తగిలేది జ్ఞానోదయ యుగపు హేతువాదానికే. సువార్త తనను తాను ప్రకటనగానే చెప్పుకుంటుంది, సిద్ధాంత నిరూపణగా కాదు.

రెండోది మనఃస్థితి: సంస్థల మీద అనుమానం, ఖచ్చితంగా మాట్లాడేవాళ్లంటే విసుగు. మూడోది శైలి: తెగిన కథనాలు, తనమీద తనే వేసుకునే జోకులు, ముగింపుకు రాని అధ్యాయాలు. 'బ్లూ లైక్ జాజ్' శైలిలో నిండా పోస్ట్‌మోడర్న్, మనఃస్థితిలో సగం. తత్త్వంలో దాదాపు కాదు. నిరసన ప్రదర్శనకు వెళ్లినవాడు లోకంలోని అసలు సమస్య తనలోనే ఉందని గ్రహించే ఘట్టం ఉంది. అది పౌలు తనలోని పాపంతో పెనుగులాడే రోమా పత్రిక 7వ అధ్యాయానికి మరో రూపం. పాపం, కృప, క్రీస్తు అనే మాటలను ఆయన ఎక్కడా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టలేదు. ఆయన్ను 'సత్యమే లేదంటున్నాడు' అని ఖండించిన సమీక్షకులు తమ ఊహలోని మనిషితో యుద్ధం చేశారు.

మరి లోపమే లేదా? ఉంది, ఇంకోచోట.

పెంగ్విన్‌లు, నమ్మకం

తను ఎందుకు నమ్ముతున్నాడో చెప్పడానికి మిల్లర్ పెంగ్విన్‌లను ఎంచుకున్నాడు. మంచు మీద నెలల తరబడి దూరమైపోయి, మళ్లీ తన జత దగ్గరికే తిన్నగా వచ్చే పక్షిలో ఏదో రాడార్ ఉన్నట్టుంటుంది. నాలోనూ అలాంటిదేదో ఉంది, నన్ను యేసు వైపు లాగుతోంది, వివరించమంటే నావల్ల కాదు, అంటాడు. చదవడానికి హాయిగా ఉంటుంది.

జార్జ్ లిండ్‌బెక్ అనే లూథరన్ వేదాంతి 1984లో చేసిన ఒక విభజన ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. మత సిద్ధాంతాన్ని మూడు రకాలుగా చూడవచ్చన్నాడాయన. మొదటిది, సిద్ధాంతాలు వాస్తవం గురించిన ప్రకటనలు. రెండోది, అవి లోపలి అనుభవానికి వచ్చిన మాటలు. అనుభవం ముందు, మాటలు తర్వాత. మూడోది, అవి ఒక సముదాయపు భాషకు వ్యాకరణం. ఆ భాష వచ్చాకే ఆ అనుభవం సాధ్యమవుతుంది. మిల్లర్‌ది రెండో దారి. దీని మూలాలు 1799లో మతాన్ని చులకన చేసే విద్యావంతుల కోసం జర్మన్ వేదాంతి ష్లయర్‌మాకర్ రాసిన ప్రసంగాలదాకా పోతాయి. అంటే ఆధునికతకు అవతల ఉందనుకున్న పుస్తకంలో ఆధునికతకు చెందిన పాత వేదాంతమే ఇల్లు కట్టుకుని ఉంది.

ఈ దారిలో చిక్కేమిటి? అనుభవమే పునాది అయితే, అనుభవం మారిన రోజు చెప్పడానికేమీ ఉండదు. నాకు యేసు వైపు లాగినట్టుంది, ఇంకొకరికి ఇంకోవైపు లాగుతోంది. మాట్లాడుకోవడానికి ఉమ్మడి నేల ఏది? పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో తన అనుభవాన్ని చిట్టచివర పెట్టాడు. ముందు తనకు ఇతరులు అప్పగించిన సంగతులు, ఆ తర్వాత, లేచిన క్రీస్తు ఎవరెవరికి కనబడ్డాడో: కేఫా (పేతురు), పన్నెండుగురు, అయిదు వందలకు పైబడిన సోదరులు, యాకోబు, అపొస్తలులు; అందరికీ కడపట తనకు. పైగా క్రీస్తు లేపబడకపోతే మీ విశ్వాసం వ్యర్థమని తేల్చిచెప్పాడు. అబద్ధమని తేలగల వాక్యాన్ని మధ్యలో నిలబెట్టాడు. రాడార్‌కు ఆ ప్రమాదం లేదు.

అన్నట్టు ఎంపరర్ పెంగ్విన్‌లు వేలాది పక్షుల మధ్య తమ జతను గుర్తుపట్టేది గొంతును బట్టి. ఆ పిలుపును ముందు విని ఉండాలి, గుర్తుంచుకోవాలి. ఆ ఉపమానాన్ని చివరిదాకా తీసుకెళితే లిండ్‌బెక్ చెప్పిన మూడో దారిలోకే వస్తాం.

దీనికి విరుగుడుగా కొందరు పూర్తి నిశ్చయతను అడుగుతారు. అదీ తప్పే. ఎమర్జింగ్ చర్చి మీద 2005లో నిశితమైన విమర్శ రాసిన బైబిలు పండితుడు డి.ఎ. కార్సన్ సైతం అలా అడగలేదు. అన్నీ తెలిస్తేనే తెలిసినట్టు, లేకపోతే ఏమీ తెలియనట్టు అనే రెండే గదులు కట్టడమే మోసం అన్నాడు. మనిషి దేన్నీ పూర్తిగా తెలుసుకోలేడు; అయినా కొన్నిటిని నిజంగా తెలుసుకోగలడు. గీతను ఎప్పటికీ తాకకుండా అంతకంతకూ దగ్గరవుతూ పోయే గణితవక్రాన్ని ఉదాహరణగా చూపాడు.

ఒప్పుకోలు గది

పుస్తకంలో అందరికీ గుర్తుండిపోయే ఘట్టం రీడ్ కాలేజీలో జరిగింది. దేవుడి ఊసే పట్టని విద్యార్థులకు పేరుపొందిన కాలేజీ అది. వసంతకాలపు చదువులు ముగిసినప్పుడు అక్కడ రెన్ ఫేర్ అనే పండుగ జరుగుతుంది; మద్యం, మత్తు, గోల. గుప్పెడుమంది క్రైస్తవులు ఆ ఆవరణ మధ్యలో పాపాల ఒప్పుకోలు గది కట్టారు. లోపలికి వచ్చిన విద్యార్థి తన పాపాలు అడుగుతారనుకుంటాడు. లోపల కూర్చున్నవాళ్లు తామే ఒప్పుకోవడం మొదలుపెడతారు. క్రూసేడ్లనే మధ్యయుగపు మతయుద్ధాల గురించి, టీవీ బోధకుల గురించి, బీదలను పట్టించుకోనందుకు, యేసును తప్పుగా చూపినందుకు క్షమాపణ అడుగుతారు.

ఈ ఘట్టాన్ని మెచ్చుకున్నవాళ్లు వినయాన్ని చూశారు, తప్పుపట్టినవాళ్లు చేయని తప్పుకు క్షమాపణ ఏమిటన్నారు. రెండో ప్రశ్న గట్టిదే. మొదటి క్రూసేడ్‌కు పిలుపు వచ్చింది 1095లో. పోర్ట్‌లాండ్ కుర్రాడికీ దానికీ సంబంధమేమిటి? నా విశ్వాసం నాకూ దేవుడికీ మధ్య సంగతి అయితే ఏ సంబంధమూ లేదు. ఆ క్షమాపణ ఉత్త నాటకం. సంబంధం ఉందంటే ఒక్క దారిలోనే ఉంది: తొమ్మిది శతాబ్దాల అవతలివాళ్లూ ఇతనూ ఒకే శరీరంలో అవయవాలైతే. నెహెమ్యా మొదటి అధ్యాయంలో, దానియేలు తొమ్మిదో అధ్యాయంలో ప్రార్థించినవాళ్లు 'మేము పాపం చేశాము' అన్నది ఆ లెక్కమీదే. తమ పితరుల పాపాలను తమవిగా మోశారు, ఎందుకంటే ఆ పితరుల వాగ్దానాలను కూడా తమవిగా పట్టుకున్నారు.

అంటే ఈ పుస్తకంలో అన్నిటికంటే బలమైన ఘట్టం, ఈ పుస్తకం వదులుగా పట్టుకున్న సంఘం మీదే నిలబడి ఉంది. క్రూసేడ్లకు క్షమాపణ అడిగే హక్కు సంఘ సభ్యుడికే ఉంటుంది, సొంత దారి చూసుకున్నవాడికి ఉండదు. మిల్లర్‌కు జవాబు రాసేవాళ్లు ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఇది బయటి నుంచి తెచ్చిన అభ్యంతరం కాదు కాబట్టి, ఆ పుస్తకాన్ని ప్రేమించినవాళ్లు కూడా వింటారు.

గోడల ప్రశ్న

2003 నాటి మిల్లర్ చర్చికి వెళ్లేవాడు. పోర్ట్‌లాండ్‌లో రిక్ మెకిన్లీ పాస్టర్‌గా మొదలైన ఇమాగో దేయి సంఘం గురించి పుస్తకంలో ఇష్టంగా రాశాడు. 2014 ఫిబ్రవరిలో మాత్రం తాను చర్చికి అంతగా వెళ్లడం లేదని బహిరంగంగా రాశాడు. పాటలు పాడుతుంటే దేవుడు దగ్గరైనట్టు అనిపించదనీ, ప్రసంగం వినడం తను నేర్చుకునే పద్ధతి కాదనీ, తన పనిలో దేవుడికి దగ్గరవుతున్నాననీ వాదన. పెంగ్విన్ రాడార్ దగ్గర మొదలైన దారి ఇక్కడికి రావడం ఆశ్చర్యం కాదు. అనుభవమే కొలత అయినప్పుడు ఆదివారం ఆరాధన పరీక్షలో తప్పే రోజులే ఎక్కువ.

అప్పుడు అందరూ ఎత్తిచూపిన వచనం హెబ్రీ 10:25. సమాజంగా కూడుకోవడం మానొద్దన్న సగాన్ని చూపి, ఒకరినొకరు హెచ్చరించుకోమన్న సగాన్ని మింగేశారు. ఆ మాట రాసింది ఆస్తులు పోగొట్టుకుని, చెరలో ఉన్నవాళ్ల కష్టాన్ని పంచుకున్న జనానికి. కొద్ది వచనాలు కిందకు వెళితే కనిపిస్తుంది. అక్కడ కూడికంటే బతికి బయటపడే మార్గం. హాజరుపట్టీ కాదు. వందలమంది ఒకే దిక్కుకు తిరిగి కూర్చుని ఒకరి పేరు ఒకరికి తెలియకుండా ఇంటికి వెళ్లే చోట ఈ వచనాన్ని మిల్లర్ మీదకు విసరడం కొంచెం మొహమాటపడాల్సిన పనే.

అంతకంటే పదునైన జవాబు తొలినాటి క్రైస్తవ వేదాంతి అగస్టీను రాసిన ఒప్పుకోలు గ్రంథం ఎనిమిదో భాగంలో ఉంది. రోము నగరంలో పేరుమోసిన అలంకారశాస్త్ర పండితుడు విక్టోరినస్, నేను లోలోపల క్రైస్తవుణ్నే అని క్రైస్తవ గురువు సింప్లిసియానుతో గుట్టుగా చెబుతాడు. చర్చిలో చూసేదాకా నమ్మనంటాడు సింప్లిసియాను. అయితే మనిషిని క్రైస్తవుణ్ని చేసేది గోడలా, అని నవ్వుతాడు విక్టోరినస్. ఈ చమత్కారం చాలాసార్లు నడుస్తుంది. పెద్దింటి మిత్రులకు కోపమొస్తుందన్న భయమే ఆ నవ్వు వెనక ఉందని అగస్టీను రాస్తాడు. చివరికి ఒకరోజు ఆయనే చర్చికి పోదాం పద అంటాడు. మర్యాద కోసం విశ్వాస ప్రమాణాన్ని చాటుగా చెప్పే వీలు ఇచ్చినా కాదని, అందరి ముందూ చెబుతాడు. గోడలు క్రైస్తవుణ్ని చేయవన్న మాట నిజమే. ఆ నిజాన్ని ఏ భయాన్ని దాచడానికి వాడుతున్నామన్నది అసలు సంగతి.

ఒంటరిగా కుదరని పనులు కూడా ఉన్నాయి. తనకు తానే బాప్తిస్మం ఇచ్చుకోలేడు. ప్రభువు బల్ల ఒక్కడికి వేయరు. మత్తయి 18లో చెప్పిన తగవు తీర్చే క్రమానికి ఇద్దరు ముగ్గురు సాక్షులు, ఆపైన సంఘం కావాలి. తనకిష్టం లేనివాళ్ల పక్కన కూర్చోవడం కూడా ఆ కోవలోదే. నచ్చిన స్నేహితుల బృందంలో ఆ అవకాశం రాదు.

లెస్లీ న్యూబిగిన్ పేరు ఇక్కడ తలుచుకోవాలి. ఆయన 1936లో మిషనరీగా మన దేశానికొచ్చి, 1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు మధురై ప్రాంతానికి బిషప్ అయ్యారు. డోర్నకల్, కృష్ణా గోదావరి, మెదక్, రాయలసీమ అధ్యక్ష మండలాలున్నది కూడా ఆ సంఘంలోనే. ఆయన ఇంగ్లండుకు తిరిగివెళ్లాక, పాశ్చాత్య సమాజమే ఇప్పుడు మిషన్ క్షేత్రమని గుర్తించి రాసిన రాతల నుంచే ఎమర్జింగ్ చర్చి వాళ్లు చాలా అరువు తెచ్చుకున్నారు. అయితే 1989లో ఆయన చెప్పిన కీలకమైన మాటను తేలిగ్గా వదిలేశారు: సువార్త నమ్మదగిందని లోకానికి అర్థమయ్యేలా వ్యాఖ్యానించేది దాన్ని నమ్మి బతికే స్థానిక సంఘమే. దక్షిణాది పల్లె సంఘాలను ఏళ్ల తరబడి చూసినవాడు ఆ మాట అనడంలో వింత లేదు.

తెలుగు పాఠకుడి దగ్గరకొస్తే

మనకు ఈ పుస్తకం రెండు చోట్ల తేడా కొడుతుంది. మొదటిది, తెలుగునాట క్రైస్తవ్యం వ్యక్తి ప్రయాణంగా కంటే పల్లె ప్రయాణంగా వచ్చింది. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పనులు ఇప్పించిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, కూటి కోసం చేరారన్న మాట రాకూడదని ఆ పనులు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపారు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్లు, కుటుంబాలకు కుటుంబాలు. ఆ వారసత్వంలో పెరిగినవాడు చర్చిని వదలడమంటే ఆదివారం పొద్దున తీరిక దొరకడం కాదు. పెళ్లి సంబంధాలు, సమాధుల తోటలో చోటు, కష్టానికి వచ్చే నలుగురు, అన్నీ కదులుతాయి.

రెండోది చట్టం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట దాదాపు హిందువులకే; 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. క్రైస్తవులైన ఎస్సీలను ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కింద, ఒక్క శాతం రిజర్వేషన్‌లో పెట్టారు. కనుక ఇక్కడ "నాకు మతం లేదు, యేసు మాత్రమే" అనే మాట వెనక పోర్ట్‌లాండ్ మనఃస్థితి ఉండొచ్చు, సర్టిఫికెట్ ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు. మాల, మాదిగ సంఘాల మధ్య గీత, పాస్టర్ పదవి తండ్రి నుంచి కొడుక్కి వెళ్లడం, లెక్క చెప్పని కానుకల పెట్టె: మన వాళ్ల అలకకు కారణాలు ఇవి. అమెరికా పుస్తకానికి రాసిన అమెరికా జవాబును తెలుగులోకి దించితే వీటిలో ఒక్కదాన్నీ తాకదు.

జవాబు రాయడం

రెండుసార్లు చదవాలి. మొదటిసారి పెన్ను పట్టుకోకూడదు. రెండోసారి అంచుల్లో నాలుగు గుర్తులు చాలు: జరిగిన సంఘటన, కలిగిన భావం, 'చర్చిలన్నీ ఇంతే' తరహా సాధారణీకరణ, దేవుడి గురించో సత్యం గురించో చేసిన ప్రకటన. ఈ పుస్తకంలో మొదటి రెండు గుర్తులే ఎక్కువ పడతాయి. నాలుగోది తక్కువ చోట్ల పడుతుంది, జవాబు అక్కడే కావాలి. మామూలుగా జరిగే పొరబాటు, మూడో అధ్యాయంలోని కుర్రవాడు అన్న మాటను రచయిత తుది అభిప్రాయంగా ఎత్తిచూపడం. ఆత్మకథలో 'నేను' ఇద్దరు: అప్పుడు అనుభవించినవాడు, ఇప్పుడు రాస్తున్నవాడు. ఉదహరించే ముందు ఆ మాట ఎవరిదో చూసుకోవాలి. జోకును సిద్ధాంతంగా చదవడం ఇంకో పొరబాటు. రచయిత తర్వాతి జీవితాన్ని చూపి ముందు రాసిన ప్రతి వాక్యాన్నీ కొట్టేయడం మూడోది. మిల్లర్ ఆ తర్వాత వ్యాపార ప్రచార శిక్షణలోకి వెళ్లాడన్నది ఒప్పుకోలు గది గురించి మనకేమీ చెప్పదు.

మన సంఘాల్లో సాక్ష్యానికి ఒక అచ్చు ఉంది: ఒకప్పుడు ఇలా ఉండేవాణ్ని, ప్రభువు దర్శించాడు, ఇప్పుడు ఇలా ఉన్నాను. ఆ అచ్చులో ఇమడని మాట వినగానే చల్లారిపోయాడనేస్తాం. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, దాన్ని ఎవరూ బైబిలు నుంచి తీసేయలేదు. సందేహపడేవారి మీద కనికరం చూపమని యూదా పత్రిక చెబుతుంది. కాబట్టి సంఘటనలకూ భావాలకూ ఇవ్వాల్సిన స్పందన ఖండన కాదు, వినడం. వర్ణనకు ఇవ్వాల్సింది విచారణ: మన దగ్గర ఇది నిజమా, ఎంత నిజం, ఎవరు సరిదిద్దాలి. సంఘపెద్దల సమావేశంలో ఈ ఒక్క అంశాన్ని పెట్టి, తేలిన దానిని రాసి ఉంచితే పది ప్రసంగాల పెట్టు. ప్రకటనలకే వాదన, అదీ పెంగ్విన్ దగ్గరా ఒప్పుకోలు గది దగ్గరా పైన చూసినట్టు, పుస్తకం లోపలి నుంచి.

డిగ్రీ చదివే పిల్లవాడు ఈ పుస్తకం పట్టుకొస్తే, ఖండన పుస్తకం అదే రోజు చేతిలో పెట్టడం అందరూ చేసే పని. నెల రోజులు ఆగొచ్చు. వారానికి రెండు మూడు అధ్యాయాలు కలిసి చదివి, ఒప్పుకోలు గది ఘట్టం వచ్చినప్పుడు, ఆ గదిలో మన సంఘం తరఫున నువ్వే కూర్చుంటే దేనికి క్షమాపణ అడుగుతావని అడగండి. అతని జాబితా బహుశా పొడుగ్గానే ఉంటుంది. అందులో మన సంగతులు ఎన్నున్నాయో లెక్కపెట్టి, వాటికి సమాధానం చెప్పగల పెద్దమనిషిని ఆ తర్వాతి వారం పక్కన కూర్చోబెట్టండి.